సీసాలో చిక్కిన గాలి: షాంపేను రైతుల చరిత్ర

షాంపేను సీసాపై అంటించు చీటీకి అడుగున, సామాన్యముగా ఎవరును చదువని చిన్న అక్షరములలో, ఒక సంఖ్యయు దాని ముందు రెండక్షరములును ఉండును. ఎక్కువ సీసాలపై ఆ అక్షరములు ఎన్.ఎమ్. అని కనిపించును. ద్రాక్షను కొని వైను తయారు చేయు వర్తకసంస్థ అని వాని అర్థము. కొన్నిటిపై మాత్రము ఆర్.ఎమ్. అని ఉండును. ఫ్రెంచిలో 'రెకోల్తాన్ మానిపులాన్' అను మాటకు ఇది పొడి అక్షరరూపము. పంట కోసినవాడే సరకును తయారు చేసెనని దీని భావము. అట్టి సీసా వెనుక పెద్ద కంపెనీ ఉండదు. కొద్ది ఎకరముల ద్రాక్షతోట, ఇంటి క్రింద త్రవ్విన నేలమాళిగ, రెండు మూడు తరములుగా ఆ పనిలో ఉన్న ఒక కుటుంబము, ఇంతే ఉండును.

పండు పండించువాడే దాని రసమును పులియబెట్టి అమ్ముకొనుటలో వింత యేమున్నదని తోచవచ్చును. గీతకార్మికుడు కల్లు దింపి తాటిచెట్టు క్రిందనే అమ్ముచున్నాడు. షాంపేను రైతు మాత్రము చాలకాలము ఎక్కువగా పండ్లనో, పీపాలోని పచ్చి వైనునో వర్తకునికి అమ్ముకొనువాడుగనే మిగిలిపోయెను. ఇందుకు కారణము అతని సోమరితనము కాదు. ఆ సీసాలో చిక్కుకొన్న గాలియే కారణము. అది ఎంత పుట్టునో లెక్క తెలియనంతకాలము దానితో వ్యవహరించుట నష్టమునకు ఓర్చుకొనగల ధనికులకే సాధ్యమయ్యెను.

షాంపేను అనునది మొదట పానీయము పేరు కాదు, ప్రాంతము పేరు. ఇది పారిసు నగరమునకు తూర్పుగా సుమారు 150 కిలోమీటర్ల దూరమున, 49వ ఉత్తర అక్షాంశమునకు దగ్గరగా ఉన్నది. రాన్స్, ఎపెర్నే అనునవి ఇచ్చటి ముఖ్యపట్టణములు. మార్న్ నది ఈ కొండవాలుల నడుమ ప్రవహించును. నేల సుద్దనేల. వానకాలమున నీటిని పీల్చుకొని, ఎండకాలమున కొద్దికొద్దిగా వేళ్లకు అందించుట సుద్దకు గల గుణము. దానిని త్రవ్వుటయు సులభమే. రోమనుల కాలముననే రాతికొరకు త్రవ్విన పెద్ద గోతులు రాన్స్ నగరము క్రింద నేటికిని ఉన్నవి. వానిలో వేసవియైనను శీతకాలమైనను ఉష్ణోగ్రత 10, 12 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గరనే నిలిచియుండును. ఈ చల్లదనము ముందుముందు కథలో ముఖ్యమైనది.

ఇంత ఉత్తరమున ద్రాక్ష బాగుగా పండుట కష్టము. పినో న్వార్, మెనియే, షార్డనే అను మూడు రకములు ఇచ్చట ప్రధానముగా పండించుచున్నారు. మొదటి రెండును నల్లద్రాక్షలు, మూడవది తెల్లనిది. పండ్లలో చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పండ్లు కోసి పిండి, రసమును పీపాలకెత్తుదురు. ఈస్టు అను సూక్ష్మజీవి చక్కెరను తినుట మొదలుపెట్టును. ఆ పని పూర్తి కాకమునుపే చలి వచ్చి పడును. ఈస్టు చావదు, నిద్రించును. వసంతకాలమున వేడి తగులగానే మేలుకొని మిగిలిన చక్కెరపై పడును. పీపాలో ఉన్నప్పుడు ఇది బాధ కాదు, పుట్టిన వాయువు పైకి పోవును. కాని అప్పటికే ఆ రసమును సీసాలలో పోసి బిరడా బిగించియుండినచో ఏమగును?

ఈ ప్రశ్నకు సమాధానము నేడు ఉన్నతపాఠశాల విద్యార్థి చెప్పగలడు. గ్లూకోజు చక్కెర 180 గ్రాములు పూర్తిగా పులిసినచో సుమారు 92 గ్రాముల ఆల్కహాలును, 88 గ్రాముల బొగ్గుపులుసు గాలియు, అనగా కార్బన్ డై ఆక్సైడును, ఏర్పడును. కల్లుకుండపై తేలు నురుగు ఈ వాయువు పనియే. పులియుటకు ముందు ఉన్న పదార్థమును, తరువాత మిగిలిన పదార్థమును తూచి రెండు తూకములను సరిపోల్చవలెనను ఆలోచన ఫ్రెంచి రసాయనవేత్త లెవోషియర్‌ది. 1789లో ప్రచురించిన గ్రంథములో ఆయన ఈ లెక్కను పెట్టెను. అతని సంఖ్యలలో లోపములున్నవి గాని మార్గము సరియైనదే. గేలూసాక్ 1815లో ఆ లెక్కను సవరించెను. ఈ మార్పు ఒక జీవి చేయు పని అని పాశ్చర్ ప్రయోగములతో నిరూపించినది 1857 తరువాత. అనగా సీసాలలో ఈ వాయువు చిక్కుకొనుట మొదలైన నూటయేబది సంవత్సరములకు పైగా గడచిన పిమ్మటనే దాని పుట్టుక స్పష్టముగా తెలిసెను. నడుమనున్న కాలమంతయు మనుష్యులు గ్రుడ్డిగనే పనిచేసిరి.

సీసాలో బుడగలను కోరి పుట్టించిన మొదటివారు ఫ్రెంచివారు కారు. పదునేడవ శతాబ్దములో ఇంగ్లండు వర్తకులు షాంపేను వైనును పీపాలలో తెప్పించుకొని తమ దేశముననే సీసాలకెత్తుచుండిరి. ఓడలకు కావలసిన కలప తరిగిపోవునను భయముతో 1615లో ఆ దేశపు రాజు గాజుకొలుములలో కట్టెలు వాడరాదని శాసించెను. కొలుములకు బొగ్గు వచ్చెను. బొగ్గు వేడిమిలో కరగిన గాజు ముదురురంగుతో, దట్టముగా, మిక్కిలి గట్టిగా వచ్చెను. నౌకలకొరకు చేసిన శాసనము వైను చరిత్రను మార్చుట ఎవరును ఊహింపని సంగతి. 1662 డిసెంబరులో క్రిస్టొఫర్ మెరెట్ అను వైద్యుడు లండనులోని రాయల్ సొసైటీకి ఒక వ్యాసము సమర్పించెను. వైను చురుకుగా పొంగుటకు అచ్చటి వర్తకులు దానిలో చక్కెరను, బెల్లపుపాకమును కలుపుచున్నారని అందులో ఉన్నది.

షాంపేనును కనిపెట్టినది దోమ్ పెరిన్యోన్ అను సన్న్యాసి అని లోకమంతట ప్రసిద్ధి. ఆయన నిజముగా ఉండిన మనిషియే. 1668 మొదలు 1715లో మరణించువరకు ఓవిలేర్ గ్రామములోని మఠమునకు భాండాగారాధిపతిగా పనిచేసెను. నల్లద్రాక్షలను మెల్లగా పిండి తెల్లని రసము తీయుట, వేర్వేరు తోటల పండ్లను తగుపాళ్లలో కలుపుట ఆయనకు బాగుగా తెలిసిన విద్యలు. కాని బుడగలను ఆయన కనిపెట్టలేదు. పైగా అవి వైనుకు దోషమని భావించి, రాకుండ చేయుటకే ప్రయత్నించెను. బుడగల కథను ఆయనకు అంటగట్టినది 1821లో అదే మఠమునకు చెందిన మరియొక సన్న్యాసి. వర్తకుల ప్రకటనలు దానిని ప్రపంచమంతట చాటినవి. మఠములో జరిగిన అద్భుతము అమ్ముడగునంతగా ఇంగ్లీషు బొగ్గుకొలిమి అమ్ముడుకాదు గదా!

పదునెనిమిదవ శతాబ్దము వచ్చునప్పటికి పారిసులోని ప్రభువులకు ఈ పొంగు వైనుపై మోజు పుట్టెను. అంతవరకు ఫ్రాన్సులో వైనును పీపాలలోనే రవాణా చేయవలెనను కట్టుబాటు ఉండెను. 1728 మే 25న పదునైదవ లూయీ రాజు సీసాలలో పంపుటకు అనుమతించెను. మరుసటి సంవత్సరమే రుయినార్ అను సంస్థ ఏర్పడినది. 1735లో ఇంకొక శాసనము వచ్చెను. సీసా ఇరువదియైదు ఔన్సుల బరువు తూగవలెను, బిరడాను మూడుపేటల దారముతో సీసామెడకు కట్టవలెను అని దానిలో ఉన్నది. ఆనాటి పారిసు ఔన్సు లెక్కన అది సుమారు 765 గ్రాములు. నేటి షాంపేను సీసా బరువు 835 గ్రాములు. అంచనాయే తప్ప లెక్క లేని ఆ కాలములో ఇంత దగ్గరగా వచ్చుట మెచ్చదగినదే.

అయినను సీసాలు పగులుట ఆగలేదు. వసంతకాలమున నేలమాళిగలో ఒక సీసా పేలును. దాని గాజుపెంకులు తగిలి ప్రక్కనున్నవి పేలును. అవి మరికొన్నిటిని పేల్చును. కొన్నియేండ్లు నూటికి ఇరువదియో ముప్పదియో పోవును. చెడ్డ సంవత్సరములలో సగమునకు మించి పోయిన మాళిగలును ఉండెను. నేలపై వైను కాలువలు కట్టును. పనివారు ముఖములకు ఇనుపతీగె ముసుగులు ధరించి లోపలికి పోవుచుండిరి. అయినను కన్నులు పోగొట్టుకొన్నవారు కొందరు. ఎప్పుడు ఏ వరుస పేలునో ఎవరికిని తెలియదు. చక్కెర తక్కువైనచో వైను పొంగనే పొంగదు, ఆ సరకును కొనువాడుండడు. ఎక్కువైనచో సీసాయే మిగులదు.

రైతు ఈ పనికి ఎందుకు దిగలేదో ఇక్కడ తెలియును. వేయి సీసాలు గల రైతుకు సగము పోయినచో ఇల్లు అమ్ముకొనవలసినదే. లక్ష సీసాలు గల వర్తకుడు మిగిలిన వాని ధరను పెంచి నష్టమును పూడ్చుకొనును. అదిగాక గాజు, బెండు, చక్కెర, కూలి అన్నిటికిని ముందు డబ్బు పెట్టవలెను. ఆ డబ్బు తిరిగివచ్చుటకు ఏండ్లు పట్టును. అందుచేత పని రెండుగా చీలెను. కొండపై పండించువాడు ఒకడు, పట్టణములో సీసాకెత్తువాడు ఇంకొకడు. ధర నిర్ణయించుట రెండవవానికి దక్కెను. కోసిన ద్రాక్ష రెండుమూడు దినములకు మించి నిలువదు గనుక, వర్తకుడు ఒక్క దినము ఆలస్యము చేసినచో చాలును, రైతు దిగివచ్చును.

పేలుడు సమస్యను పరిష్కరించినది వర్తకుడు కాదు, రైతు కాదు, ఒక మందులకొట్టువాడు. రసాయనవేత్త షాప్తాల్ 1801లో ఒక గ్రంథమును ప్రచురించి, పులియుట పూర్తి కాకుండ సీసాకెత్తుటవలననే వైను పొంగుచున్నదని వివరించియుండెను. కాని ఎంత చక్కెరకు ఎంత పొంగు? షాలోన్ పట్టణములో ఔషధములు తయారు చేయు జాన్ బాతిస్త్ ఫ్రాంస్వా 1836లో దీనికి మార్గము చూపెను. చక్కెర కరగిన ద్రవము నీటికంటె సాంద్రమైనది. గాజుబుడ్డివంటి ఒక తేలుడు సాధనమును, అనగా ఒక విధమైన హైడ్రామీటరును, వైనులో వదలినచో అది ఎంతలోతు మునిగినదను దానినిబట్టి చక్కెర ఎంతయున్నదో చెప్పవచ్చును. ఉన్నది తెలిసినచో తక్కువైనది కలుపవచ్చును. ఇంతే ఆయన చెప్పినది. ఈ విషయము ప్రచురింపబడిన కొలది కాలమునకే ఆ ఫ్రాంస్వా మరణించెను. ఆయన లెక్క మాత్రము మాళిగలలోనికి ప్రవేశించి, పగిలిపోవు సీసాల సంఖ్యను క్రమముగా తగ్గించెను.

నేటి లెక్కను విద్యార్థులు స్వయముగా సరిచూచుకొనవచ్చును. లీటరు వైనులో సుమారు 4 గ్రాముల చక్కెర పులిసినచో మాళిగ చల్లదనములో ఒక వాతావరణ పీడనము కలుగును. షాంపేనులో లీటరుకు 24 గ్రాములు కలుపుదురు. కావున పీడనము ఆరు వాతావరణముల దగ్గరకు వచ్చును. ముప్పాతిక లీటరు సీసాలో ఏర్పడు వాయువు బరువు 9 గ్రాములు మాత్రమే. కాని బయటికి వదలినచో అది దాదాపు 5 లీటర్ల చోటును ఆక్రమించును. సీసా మూతి లోపలి వ్యాసము 18 మిల్లీమీటర్లు అనుకొన్నచో, బిరడాను పైకి నెట్టు బలము 12 కిలోల బరువునకు మించియుండును. దారముకట్టు తెగిపోవుటలో ఆశ్చర్యము లేదు. 1844లో జాక్సోన్ అను వర్తకుడు బిరడాపై రేకుబిళ్లను ఉంచి తీగెతో బిగించు పద్ధతికి పేటెంటు పొందెను. వాయుపీడనము ఎక్కువైనకొలది ద్రవములో కరగు వాయువు ఎక్కువగునను నియమమును హెన్రీ 1803లోనే కనుగొనియుండెను. మూత తీయగనే పీడనము తగ్గును, కరగియుండలేని వాయువు బుడగలై లేచును. గోళీసోడాలో జరుగునదియు ఇదే. భేదమేమనగా, సోడాలో గాలిని బయటినుండి ఎక్కింతురు, షాంపేనులో అది లోపలనే పుట్టును. రాన్స్ నగరములో రసాయనశాస్త్రము బోధించిన మోమనే సీసాలోని పీడనమును కొలుచుటకు ఒక సాధనమును నిర్మించి, 1858లో పొంగు వైనులపై శాస్త్రీయగ్రంథమును ప్రకటించెను.

గాలి లోపలనే పుట్టుటవలన ఇంకొక చిక్కు కలదు. పని ముగించిన ఈస్టు చచ్చి మడ్డిగా అడుగున చేరును. ఆ మడ్డితో నెలల తరబడి ఉండుటవలననే వైనుకు ప్రత్యేకమైన రుచి వచ్చునుగాని, గ్లాసులో పోసినప్పుడు అది కనబడరాదు. వైనును వేరొక సీసాలోనికి వంచినచో గాలి పోవును. ఇరువదియేడేండ్ల వయసులో 1805లో భర్తను పోగొట్టుకొని వ్యాపారమును తానే నడిపిన క్లికో అను వితంతువు మాళిగలో దీనికి ఉపాయము కుదిరెను. సీసాలను చిల్లులు గల బల్లలలో తలక్రిందులుగా గ్రుచ్చి, ప్రతిదినము కొద్దిగా కదపుచు త్రిప్పుచు పోయినచో, కొన్ని వారములకు మడ్డియంతయు మెడలోనికి దిగును. అప్పుడు బిరడా తీసినచో లోపలి పీడనమే మడ్డిని బయటికి చిమ్మును. 1884 తరువాత సీసామెడను గడ్డకట్టు ద్రవములో ముంచి, మడ్డిని మంచుముక్కగా తీయు పద్ధతి వచ్చెను. తగ్గిన వైనుకు బదులుగా చక్కెర కలిపిన వైనును పోసి మూసివేయుదురు.

ఆ చక్కెర ఒకప్పుడు ఎంత ఉండెడిదో 2010లో అనుకోకుండ తెలిసినది. బాల్టిక్ సముద్రములో ఆలండ్ దీవులకు సమీపమున మునిగిపోయిన ఓడలో 168 సీసాలు దొరికినవి. అవి 1840ల ప్రాంతపువి. చల్లని చీకటిలో 170 సంవత్సరములు పడియున్నను కొన్ని చెడిపోలేదు. 2015లో ప్రకటించిన పరిశోధనలో వానియందు లీటరునకు సుమారు 150 గ్రాముల చక్కెర ఉన్నట్లు తేలెను. అది పానీయము కంటె పానకమునకు దగ్గర.

పేలుడు తగ్గెను, రైలుమార్గములు వచ్చెను, వర్తకసంస్థలు కోట్లకు ఎదిగెను. రైతు స్థితి మాత్రము మారలేదు. పైగా చెడినది. అమెరికానుండి వచ్చిన ఫిలోక్సెరా అను వేరుపేను ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనము చేయుచు 1890లో మార్న్ జిల్లాకు చేరెను. దానికి తట్టుకొను అమెరికా తీగల మొదళ్లపై స్థానికపు కొమ్మలను అంటుకట్టుటయే విరుగుడు. అందుకు తోటనంతయు పెకలించి తిరిగి నాటవలెను, మూడు నాలుగేండ్లు పంట లేకుండ ఉండవలెను. ఆ సమయముననే కొందరు వర్తకులు ఇతర ప్రాంతముల చౌక ద్రాక్షను, వైనును రైళ్లలో తెప్పించి, షాంపేను పేరుతో అమ్మజొచ్చిరి. 1908లో ప్రభుత్వము హద్దులు గీసి, మార్న్ జిల్లాను, ఎన్ జిల్లాలోని కొంతభాగమును మాత్రమే షాంపేనుగా నిర్ణయించెను. దక్షిణమున ఉన్న ఓబ్ జిల్లా రైతులు వెలిపడిరి. ఆ జిల్లాలోని త్రువా నగరము పూర్వము షాంపేను దొరలకు రాజధాని. తాము షాంపేనువారము కామనుట వారికి అవమానముగా తోచెను.

1910 సంవత్సరము అన్నిటిని మించినది. మంచు, వడగండ్లు, బూజుతెగులు కలిసి పంటను దాదాపు పూర్తిగా తుడిచివేసినవి. చాల గ్రామములలో కోయుటకు పండే లేకపోయెను. అయినను వర్తకుల మాళిగలనుండి సీసాలు వచ్చుచునేయుండెను. ఆ ద్రాక్ష ఎచ్చటిదని రైతులు అడిగిరి. 1911 జనవరిలో దామెరీ, ఓవిలేర్ మొదలగు గ్రామములలో జనులు బండ్లను ఆపి, బయటినుండి వచ్చిన వైనును మార్న్ నదిలో పారబోసిరి. ఫిబ్రవరిలో ప్రభుత్వము బయటి వైనును షాంపేనుతో కలిపి నిలువచేయరాదని చట్టము చేసెను. అంతట ఓబ్ రైతులు లేచిరి. పన్ను కాగితములను తగులబెట్టిరి, ఏప్రిల్ నెలలో వేలకొలదిగా త్రువా వీధులలో ఊరేగిరి. వారిని శాంతింపజేయుటకు ఏప్రిల్ 11న సెనేటు హద్దులనే తీసివేయవలెనని తీర్మానించెను. ఆ వార్త తీగెలమీద మార్న్ లోయను చేరెను. మరునాడు ఆయి పట్టణములో వర్తకుల ఇండ్లు, మాళిగలు తగులబడినవి. సీసాలు పగిలి వీధులలో వైను పారెను. సైన్యము దిగెను.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. ఒక శతాబ్దము క్రితము సీసాలను పగులగొట్టినది లోపలి గాలి. ఈసారి పగులగొట్టినవారు వానిలోని పండును పండించినవారే. ప్రభుత్వము రాజీగా ఓబ్ జిల్లాకు 'రెండవ మండలము' అను బిరుదు నిచ్చెను. అది ఎవరిని తృప్తిపరుపలేదు. మూడేండ్లకు యుద్ధము వచ్చి పడుటచే తగవు ఆగెను. యుద్ధరంగము తోటల ప్రక్కనే సాగెను. రాన్స్ ప్రజలలో చాలమంది ఫిరంగులకు వెరచి ఆ సుద్దమాళిగలలోనే కాపురముండిరి. గుండ్లు పడుచుండగా స్త్రీలు, పిల్లలు, ముసలివారు ద్రాక్ష కోసిరి. చివరకు 1927 చట్టము ఓబ్ జిల్లాను చేర్చుకొని హద్దులను స్థిరపరచెను. 1936లో షాంపేను అను పేరుకు పూర్తి న్యాయరక్షణ కలిగెను.

హద్దు గీయుటవలన పండునకు విలువ వచ్చెనుగాని, సీసా ఇంకను వర్తకునిదే. 1919లో దీజీ గ్రామమునకు చెందిన షికే సోదరులు తమ పండ్లను అమ్మక తామే షాంపేను చేయుటకు పూనుకొనిరి. అట్టివారు అప్పటికి బహుకొద్దిమంది. 1930 తరువాత ప్రపంచమంతట వ్యాపారము కుంగినప్పుడు వర్తకులు ద్రాక్ష కొనుట తగ్గించిరి, ధర పడిపోయెను. అమ్ముడుపోని పండు తోటలో కుళ్లనేల? క్వీ గ్రామములో పియేర్ జిమొనే 1935లో తన వైనును తానే సీసాకెత్తెను. ధైర్యము కంటె గత్యంతరము లేకపోవుటయే ఈ మార్పునకు ముఖ్యకారణమని చెప్పవలెను. కాని గత్యంతరము లేకపోవుట 1830లోను ఉండెను. 1935లో క్రొత్తగా ఉన్నదేమి? ఫ్రాంస్వా లెక్క అందరికిని తెలిసిన విద్యయయ్యెను. శుద్ధమైన ఈస్టును వేరుచేసి పెంచు విధానమును డెన్మార్కులో హాన్సెన్ 1883లో చూపియుండెను. ఎపెర్నేలో వైనును పరీక్షించు ప్రయోగశాలలు వెలసెను. రైతు ఒక సీసాలో రసమును తీసికొనిపోయినచో, చక్కెర యెంత, పులుపు యెంత, ఏమి కలుపవలెను అను సంగతులు వ్రాసియిత్తురు. పూర్వము ధనికుని మాళిగలో దాగిన విద్య ఇప్పుడు కొద్దిపాటి రుసుముతో ఒక కాగితముపై దొరకెను. గ్రామసహకారసంఘములు పండ్లు పిండు యంత్రములను ఉమ్మడిగా పెట్టినవి.

అయినను లెక్క సులభము కాదు. ఇచ్చటి నియమము ప్రకారము 4,000 కిలోల ద్రాక్షనుండి 2,550 లీటర్ల రసము మాత్రమే తీయవలెను. సీసాకు కిలోకు పైగా పండు పట్టును. సీసాకెత్తిన పిదప కనీసము 15 నెలలు, ఒకే సంవత్సరపు పంటతో చేసినదైనచో మూడు సంవత్సరములు, మాళిగలో ఉంచవలెను. పండ్లు అమ్మినవానికి వర్తకుడు ఏడాది లోపల నాలుగు వాయిదాలలో సొమ్ము చెల్లించును. తానే తయారు చేయువానికి మూడేండ్ల పంట నేలమాళిగలో బందీయై యుండును. వడగండ్ల భయము ఒకటి. పెద్ద సంస్థ వంద గ్రామముల పండును కలుపును, ఒక గ్రామము దెబ్బతిన్నను తెలియదు. కుటుంబము తోట ఒకటి రెండు గ్రామములలోనే ఉండును. నియమము ప్రకారము ఆర్.ఎమ్. అని వ్రాసుకొనువాడు బయటినుండి నూటికి 5 వంతులకు మించి కొనరాదు. కావున మంచి సంవత్సరపు వైనులో కొంత దాచియుంచి, చెడ్డ సంవత్సరములో కలుపుకొనవలెను.

సీసాలను చేతితో త్రిప్పు పని చిన్నకుటుంబమునకు పెద్ద భారము. దీనికి యంత్రమును కనిపెట్టినవారిలో ఒకడు మెనీల్ గ్రామపు ద్రాక్షరైతు క్లోడ్ కజాల్స్ అగుట సంతోషకరమైన విషయము. 1960ల చివర పేటెంటు పొందిన ఆ యంత్రము, అయిదువందలకు పైగా సీసాలు గల బోనును తనంతట తాను త్రిప్పుచు వంచుచు, నెలకు పైగా పట్టు పనిని సుమారు వారములో ముగించును. దానిని అందరికంటె ఎక్కువగా వాడుకొన్నవారు పెద్ద సంస్థలవారే అనుట వేరు సంగతి.

నేడు షాంపేను తోటల విస్తీర్ణము సుమారు 34,000 హెక్టార్లు. రైతుకుటుంబములు 16,000 వరకు కలవు. సగటున ఒక్కొక్కరికి రెండు హెక్టార్లు, అనగా అయిదెకరములు. తోటలలో నూటికి 90 వంతులు రైతులవే అయినను, అమ్మకములో 70 వంతులకు పైగా వర్తకసంస్థలదే. రైతులు స్వయముగా అమ్ము సీసాల సంఖ్య ఇటీవలి దశాబ్దములలో తగ్గుచున్నది. పిల్లలు పట్టణములకు పోవుట, పండునకు మంచి ధర వచ్చుటచే అమ్మివేయుటయే సుఖమని తోచుట ఇందుకు కారణములు. తగ్గినది సంఖ్యయేగాని పేరు కాదు. అవీజ్ గ్రామములో ఆన్సెల్మ్ సెలోస్ వంటివారు ఎరువులు తగ్గించి, దిగుబడి తగ్గించి, ఒక్కొక్క పొలపు వైనును వేరుగా ఓకుపీపాలలో పులియబెట్టి, పొలము రుచి సీసాలో తెలియునట్లు చేయుటకు పూనుకొనిరి. వంద గ్రామముల పండును కలిపి ఏటేట ఒకే రుచి రప్పించుట సంస్థల నేర్పు. ఈ రైతులది దానికి సరిగా వ్యతిరేకమైన మార్గము. రెండింటికిని విలువ కలదుగాని, రెండవదానిలో దాచుకొనుటకు చోటు తక్కువ.

వాతావరణము వేడెక్కుటచే గడచిన ముప్పది నలుబది యేండ్లలో ఇచ్చటి కోతలు రెండు వారములకు పైగా ముందుకు జరిగినవి. పండులో చక్కెర పెరుగుచున్నది, పులుపు తగ్గుచున్నది. చివర కలుపు చక్కెర అవసరమును తగ్గిపోయినది. ఈ చిన్నరైతులలో చాలమంది సీసా వెనుకనున్న చీటీపై పంట సంవత్సరమును, మడ్డి తీసిన తేదీని, కలిపిన చక్కెరను లీటరునకు ఇన్ని గ్రాములని అచ్చువేయుచున్నారు. బాల్టిక్ సముద్రపు సీసాలలో 150 గ్రాములున్నచోట కొందరి చీటీలపై 3 ఉండును, కొందరి చీటీలపై సున్న ఉండును.